తలకిందుల జోజప్ప

ఫోను మోగితే రోజెల్లా లైకర్ "హలో" అనదు. "ఎవరికేమైంది?" అంటుంది. ఈ లోకంలో మంచి వార్త చెప్పడానికి ఎవరూ పనిగట్టుకుని ఫోను చెయ్యరని ఆమె గట్టి నమ్మకం.

ఆ రోజు బడి వంటింట్లో సూపు గిన్నె తోముతుండగా మోగింది. అవతల కూతురు టెక్లా.

"ఎవరికేమైందే?"

"ఎవరికీ ఏమీ కాలేదమ్మా. నర్సింగు మానేశాను. తత్వశాస్త్రం తీసుకున్నాను."

రోజెల్లా తడిచేత్తోనే గోడ పట్టుకుంది. కాలు విరిగిందంటే కట్టు కట్టించవచ్చు. ఎవడినో ప్రేమించానంటే వాణ్ణి పిలిచి భోజనం పెట్టి, తింటున్నంతసేపూ గుచ్చి గుచ్చి చూడవచ్చు. తత్వశాస్త్రానికి ఏ మందు రాస్తారు?

సాయంత్రం మొగుడు ఎల్రాయ్ గోధుమ గోదాము నుంచి దుమ్ము కొట్టుకుని రాగానే చెప్పింది. ఎల్రాయ్ టోపీ తీసి కాసేపు ఆలోచించాడు.

"నేరమేమీ కాదుగా?"

"నేరమైతే జైల్లో తిండైనా పెడతారు. ఇందులో జైలూ లేదు, జీతమూ లేదు."

ఆ రాత్రి ఆమె కంటికి కునుకు లేదు. ఉద్యోగం లేకపోతే బీమా ఉండదు. బీమా లేకపోతే పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లరు. ముప్పై ఏళ్లకే బోసినోటితో, ఏదో ఊరి బస్టాండులో కూర్చుని, దారినపోయేవాళ్లని "సత్యమంటే ఏమిటి?" అని అడుగుతున్న టెక్లా ఆమె కళ్లముందు కదిలింది. లేచి జపమాల తీసుకుంది.

అయితే మనిషి భయానికి కూడా అలవాటు పడతాడు. ఏడాది గడిచేసరికి రోజెల్లా ఆ బోసినోటికీ అలవాటు పడింది. సరిగ్గా అప్పుడే ఇంకో వార్త వచ్చింది. టెక్లా చదివే పునీత ఒడీలియా కాలేజీలో తత్వశాస్త్రం, చరిత్ర, సాహిత్యం, అంటే హ్యుమానిటీస్ అని అన్నిటినీ కలిపి ఒక్క పేరుతో పిలిచే చదువులకి, చేరేవాళ్లు లేరట. మూసేస్తారేమోనట.

అప్పటిదాకా కూతురు ఆ చదువు పూర్తి చేస్తుందేమోనని భయపడ్డ రోజెల్లా, ఆ రోజునుంచి పూర్తి చెయ్యలేకపోతుందేమోనని భయపడసాగింది. సగం నర్సు, సగం తత్వవేత్త! సగం కాలిన రొట్టెని కుక్క కూడా ముట్టదు.

ఇంతలో కాలేజీ వాళ్లే కబురు పంపారు. హ్యుమానిటీస్‌ని నలుగురిలోకీ తీసుకువెళ్లడానికి పెద్ద ప్రచారం మొదలుపెడుతున్నాం, తల్లిదండ్రుల పండగ రోజున అందరూ రావాలి, మీ అభిప్రాయాలు మాకు ప్రాణం అని. రోజెల్లా క్యాబేజీ, గొడ్డుమాంసం కూరిన బన్నులు ఒక పళ్లెం నిండా కాల్చి, తోడుగా ఆడపడుచు డార్లీన్‌ని వెంటబెట్టుకుని వెళ్లింది.

సభ జరిగింది హ్యుమానిటీస్ వాళ్ల పాత హాల్లోనే. ముందు ప్రెసిడెంటు డాక్టర్ కాలహాన్ లేచాడు. కాలేజీకి వచ్చి మూడేళ్లయినా బూట్లకి ఇంకా ఆ ఊరి మట్టి అంటనివాడు. ఆయన రెండు మంచి మాటలు చెప్పి, ప్రచారం నడపడానికి కాన్సాస్ సిటీ నుంచి దిగిన కోర్ట్నీ అనే నిపుణురాలిని ముందుకి పిలిచాడు.

"ముందుగా శుభవార్త," అంది కోర్ట్నీ. "హ్యుమానిటీస్‌కి బ్రహ్మాండమైన భవిష్యత్తు ఉంది. ఆ మాట మనం ఎక్కడా వాడకుండా ఉంటే."

వెనక వరసలో ఎవరో దగ్గారు.

"పిల్లల్ని కూర్చోబెట్టి పరీక్ష చేశాం. తత్వశాస్త్రం అన్న మాట కనపడగానే కళ్లు పక్కకి తిరుగుతున్నాయి. చరిత్ర దగ్గర ఆవలింతలు. ఈ భవనం బొమ్మ దగ్గర మాత్రం కళ్లు అతుక్కుపోయాయి. అందుకని మన కరపత్రం ఇదిగో."

తెర మీద హాలు బొమ్మ వెలిగింది. తేనెరంగు సున్నపురాతి గోడలు, రంగుటద్దాల కిటికీలు, ఓక్ చెక్క మెట్లు, వాటి మీద సాయంత్రపు నీరెండ. కింద బంగారు అక్షరాలతో ఒకటే వాక్యం: ఇక్కడే మీ కొత్త జీవితం మొదలవుతుంది.

అందరూ చప్పట్లు కొట్టారు. తత్వశాస్త్రం చెప్పే ఫాదర్ లీనస్ మాత్రం కొట్టలేదు. ఆయన గోధుమరంగు అంగీ వేసుకునే ముసలి కపుచిన్ సన్యాసి. చలికాలంలో కూడా కాళ్లకి చెప్పులే.

"అమ్మాయీ, మేమిక్కడ పాఠాలు చెబుతామన్న సంగతి ఇందులో ఎక్కడుంది?"

"అది అంతర్లీనంగా ఉంది ఫాదర్."

"ఎంత లోపల?"

కోర్ట్నీ నవ్వి ప్రెసిడెంటు వైపు చూసింది. ఆయన అందుకున్నాడు. "ఫాదర్, మనం అమ్మేది పాఠాలు కాదు, అనుభూతి."

"అలాగా! ఇన్నేళ్లూ తెలీక పాఠాలు చెప్పేశాను," అని ఫాదర్ కూర్చున్నారు.

రోజెల్లా చెయ్యెత్తింది. పది మందిలో లేచి మాట్లాడటం ఆమెకి పెళ్లి ప్రమాణాల తరవాత ఇదే.

"అయ్యా, మా అమ్మాయి ఇంకా ఏడాదిన్నర చదవాలి. అందాకా ఉంటుందా ఇది?"

"మిసెస్ లైకర్, మంచి ప్రశ్న." డాక్టర్ కాలహాన్ గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "హ్యుమానిటీస్ ఈ కాలేజీకి గుండెకాయ."

ఆ మాటతో ఆమె భయం రెట్టింపయింది. లైకర్ల ఇంట్లో ఇప్పటిదాకా పోయినవాళ్లందరూ గుండెకాయతోనే పోయారు.

బయటికి వచ్చాక జనం బన్నుల మీద పడ్డారు. రోజెల్లా మాత్రం హాలు పక్క గడ్డిలో కూలబడింది.

"అయిపోయింది డార్లీన్. కొండంత రాగం తీసి గోరంత పాట కూడా పాడలేదు వీళ్లు. ఒక్క పిల్ల కూడా రాదు."

డార్లీన్ చేతిసంచి తెరిచింది. ఆమె ఇళ్లు అమ్మిపెట్టే పని చేస్తుంది. ఆ సంచి పెదాల రంగు లేకుండానైనా ఉంటుంది గానీ, వేలెడంత ప్లాస్టిక్ జోజప్ప బొమ్మ లేకుండా ఉండదు. అమ్ముడుపోని ఇంటి ముందు, ఇళ్లని కాపాడే పునీత జోజప్పగారిని తలకిందులుగా, ఇంటివైపు మొహం పెట్టి పాతితే బేరం కుదురుతుందని ఆ చుట్టుపక్కల కతోలికుల్లో తెలియనివాళ్లు లేరు. అమ్ముడుపోయాక తవ్వి తీసి, కడిగి, ఇంట్లో మంచి చోట పెట్టుకోవాలి.

"కోళ్ల షెడ్డు పక్క కొంప గుర్తుందా వదినా? గాలి ఇటు తిరిగితే కొనడానికొచ్చినవాళ్లు కారు దిగకుండానే పోయేవాళ్లు. ఈయన్ని పాతాను. వారం తిరక్కుండా అమ్ముడుపోయింది."

"అది ఇల్లు కదే."

"ఏదైతేనేం? కొనేవాడు లేని సరుకు. తలకిందులుగా ఎవరికి మాత్రం ఊపిరాడుతుంది చెప్పు? నన్ను బయటికి తియ్యండర్రా అని ఆయనే బేరం కుదురుస్తాడు."

రోజెల్లాకి పాపభీతి ఎక్కువే. కానీ కూతురి పళ్లు అంతకంటే ఎక్కువ. పళ్లెంలోని వడ్డించే గరిటె తెచ్చి, తత్వశాస్త్రం గది కిటికీ కింద గొయ్యి తవ్వింది. డార్లీన్ బొమ్మని తలకిందులుగా దించి, మొహం గోడవైపు తిప్పింది.

"ఏం పాతుతున్నారమ్మా?"

వెనక ఫాదర్ లీనస్. చేతిలో సగం తిన్న బన్ను. రోజెల్లా గరిటె వీపు వెనక దాచుకుంది.

"విత్తనాలు ఫాదర్."

"తల కిందికే పెట్టారా?"

ఇద్దరూ నేలచూపులు చూశారు.

"ఇది మూఢనమ్మకం, నేను మిమ్మల్ని తిట్టాలి," అన్నారు ఫాదర్. "తప్పకుండా తిడతాను. నేనైతే ఒక జీవితకాలం తర్కంతో పిలిచాను. పోయినేడు వచ్చినవాళ్లు ఒక కారులో పట్టారు. ముందు ఇదేమన్నా పనిచేస్తుందేమో చూసి తరవాత తిడతాను." గొయ్యి మీది మట్టిని చెప్పుకాలితో అదిమి, "ఇంతకీ ఏం అమ్మిపెట్టాలో ఆయనకి స్పష్టంగా చెప్పారా?" అని అడిగారు.

"స్వర్గంలో ఉన్నాడు, ఆయనకి తెలీదా ఫాదర్?" అంది డార్లీన్.

కరపత్రాలు మూడు రాష్ట్రాలకి వెళ్లాయి. టెక్లా సాయంత్రాలు కాలేజీ ఆఫీసులో ఫోన్లు ఎత్తే పని చేస్తుంది. మొదటి వారం ఆమె గొంతులో ఆనందం పొంగిపోయింది.

"అమ్మా, ఫోన్లు ఆగడం లేదు! ఎక్కడెక్కడి నుంచో! హాలు చూస్తామంటున్నారు!"

రోజెల్లా గుడికి పరిగెత్తి జోజప్పగారి ముందు పెద్ద కొవ్వొత్తి వెలిగించింది. అంతా మంచే జరుగుతోందంటే ఏదో చెడు జరగబోతోందని తెలుసు గనక, ఎందుకైనా మంచిదని పక్కనే ఇంకోటి కూడా.

రెండో వారానికి టెక్లా గొంతు మారింది.

"హాల్లో కుర్చీలు ఎన్ని పడతాయని అడుగుతున్నారమ్మా. మెట్ల వెడల్పు అడుగుతున్నారు. కేకు ఎక్కడ పెట్టుకోవచ్చని అడుగుతున్నారు."

"కేకేమిటే? చదువుకోవడానికి వచ్చి కేకేమిటి?"

"పెళ్లి కేకమ్మా. ఫోను చేసేవాళ్లందరూ పెళ్లికూతుళ్లే."

తప్పు వాళ్లది కాదు. ఇక్కడే మీ కొత్త జీవితం మొదలవుతుంది అని నీరెండలో మెట్లు చూపిస్తే, ఏ ఆడపిల్లకైనా ఆ మెట్ల మీద తెల్లగౌనుతో తనే కనపడుతుంది గానీ తర్కశాస్త్రం కనపడదు. వరస చూసి విచిటాలో పెళ్లిమండపాల వ్యాపారం చేసే ఒకాయన వచ్చాడు. రంగుటద్దాలు చూశాడు. ఓక్ మెట్లు తడిమాడు. హాలు అద్దెకివ్వడమెందుకు, అమ్మెయ్యండి అన్నాడు. కాలేజీ బోర్డు ప్రార్థనతో సమావేశం మొదలుపెట్టి, ప్రార్థన చల్లారకముందే సరే అంది.

రోజెల్లా ఆడపడుచుకి ఫోను చేసింది.

"చూశావా వదినా!" డార్లీన్ గొంతు విజయంతో మోగింది. "ఇల్లమ్మే దేవుడు ఇల్లే అమ్ముతాడు. ఆయన్నని ఏం లాభం?"

"నా నోట్లో మన్ను పడ! నేను పిల్లల్ని రమ్మన్నానే!"

"నోరు తెరిచి అడగలేదుగా మనం. సరే, వెళ్లి ముందు ఆయన్ని బయటికి తియ్యి. అట్లాగే వదిలేస్తే ఆగడు. పక్కనున్న గుడి కూడా అమ్మేస్తాడు."

రోజెల్లా బడి వంటింటి గౌనుతోనే పరిగెత్తి తవ్వి తీసింది. గోళ్లలో మట్టితోనే వెళ్లి ఫాదర్ లీనస్ దగ్గర, తెరకి ఇవతల, చేసిన పాపం ఒప్పుకునే పాపసంకీర్తనానికి మోకరించింది.

"ఫాదర్, మీ హాలు నేను అమ్మేశాను."

తెర అవతల చిన్న దగ్గు.

"అమ్మా, ఆ పాపం నీ ఒక్కదానికే దక్కుతుందనుకోకు. వరసలో నీకంటే ముందు బోర్డు మొత్తం ఉంది."

"వాళ్లు వచ్చి ఒప్పుకున్నారా?"

"వాళ్లు విందు చేసుకున్నారు." ఫాదర్ నిట్టూర్చారు. "మూడుసార్లు మంగళవార్త జపం చెప్పుకో. అమ్మినందుకు కాదు, గరిటెతో తవ్వినందుకు. అదే గరిటెతో మాకు వడ్డించావు."

ఆమె లేవబోతుంటే ఆయన ఆపారు. "టెక్లాకి ఒకమాట చెప్పు. ఇక్కడ పాఠాలు ఇక ఎన్నాళ్లో సాగేలా లేవు. తూర్పున నది ఒడ్డున బెనెడిక్ట్ సన్యాసుల చిన్న కాలేజీ ఉంది. నేను మాట్లాడాను. ఒక ఏడాది వెనకబడుతుంది గానీ తీసుకుంటారు. అక్కడ ఇంకా పాఠాలే చెబుతున్నారు. ప్రచారం చేసుకునే తీరిక లేదు వాళ్లకి."

ఒక ఏడాది వెనక! రోజెల్లాకి బోసినోటి టెక్లా మళ్లీ కనపడింది. ఈసారి ఆ బస్టాండు ఇంకా తూర్పున ఉంది.

వసంతకాలం సెలవులకి ముందు డాక్టర్ కాలహాన్ తల్లీకూతుళ్లని స్వయంగా పిలిచాడు. ఆఫీసు భవనంలో కింది అంతస్తు మొత్తం అద్దాలతో కొత్తగా కట్టించారు. గుమ్మం మీద వెండి అక్షరాలు: హ్యుమానిటీస్ ప్రచార కేంద్రం. లోపల కోర్ట్నీ డైరెక్టరు కుర్చీలో కూర్చుని ఉంది.

"హాలు అమ్మిన ప్రతి పైసా ఇక్కడే పెట్టాం," అన్నాడు డాక్టర్ కాలహాన్. "ఈ రాష్ట్రంలో హ్యుమానిటీస్ కోసం ఇంత ఖర్చు పెట్టినవాడు ఇంకొకడు లేడు."

"మరి తరగతులు ఎక్కడ జరుగుతాయి సార్?" అంది టెక్లా.

"తరగతులు ఈ వేసవితో ఆపుతున్నాం. ఫాదర్ లీనస్‌కి విశ్రాంతి. ఒక విధంగా చూస్తే తరగతులే మన ప్రచారానికి అడ్డు పడుతున్నాయి. వచ్చి చూసినవాళ్లకి ఖాళీ బెంచీలు కనపడుతున్నాయి." ఆయన ముందుకి వంగాడు. "అసలు సంగతేమిటంటే టెక్లా, ఫోనులో నీ గొంతు అందరికీ నచ్చింది. ప్రచార విద్య అని కొత్త డిగ్రీ పెడుతున్నాం. నువ్వు చదివిందంతా అందులోకి మార్చేస్తాం. ఉద్యోగం మాత్రం ఇవాళ్టి నుంచే. జీతం, ఆరోగ్య బీమా."

"పళ్లకి కూడానా?" అంది రోజెల్లా, నోరు ఆపుకోలేక.

"పళ్లకి కూడా మిసెస్ లైకర్."

రోజెల్లా గుండె ఒక్కసారి తేలికైపోయింది. అదిగో బల్ల. అదిగో గుండ్రంగా తిరిగే కుర్చీ. జోజప్పగారు తెలివితక్కువవాడేం కాదు, చుట్టుతిరిగి అయినా పని చేసిపెట్టాడు. టెక్లా తల్లి మొహంలోకి చూసింది. ఆ మొహంలో ఏం రాసి ఉందో గుడ్డివాడైనా చదవగలడు.

"నీకిష్టమైతే చేస్తానమ్మా," అంది టెక్లా మెల్లగా. "నావల్ల నువ్వు నిద్రపోయి రెండేళ్లయింది."

"ఇంకేం! కూర్చో, కూర్చో," అంది కోర్ట్నీ. అనడంతోనే బల్ల మీద ఫోను మోగింది. "చూశావా, ముహూర్తం! ఏం చెప్పాలో ఈ కాగితంలో ఉంది, చదివితే చాలు." అవతలి గొంతు అందరికీ వినపడేలా మీట నొక్కింది.

"హలో, ఒడీలియా కాలేజీయేనా?" అవతల ఎవరో ఆడమనిషి. వెనకాల ట్రాక్టరు చప్పుడు. "మా అమ్మాయి మీ దగ్గర తత్వశాస్త్రం చదువుతానని ఒకటే గొడవ. నాకేమో భయం తల్లీ. నేను పెద్దగా చదువుకున్నదాన్ని కాదు. ఒక్కటే చెప్పు. దాని చదువు పూర్తయ్యేదాకా ఉంటుందా అది?"

టెక్లా కాగితం వైపు చూసింది. చదివింది. ప్రతి మాటా నోట్లో రాయిలా దొర్లింది.

"హ్యుమానిటీస్... ఈ కాలేజీకి గుండెకాయ అండీ."

"అబ్బ! ఆ మాట చాలు తల్లీ. ప్రాణం లేచొచ్చింది. అయితే పంపించమంటావా?"

కోర్ట్నీ బొటనవేలు పైకెత్తి చూపించింది. టెక్లా మొహంలో నెత్తురు చుక్క లేదు.

రోజెల్లా ఎప్పుడు లేచిందో ఆమెకే తెలీదు. బల్ల మీదికి వంగి ఫోనుకి నోరు ఆనించి, చెవిటివాళ్లతో మాట్లాడినట్టు అరిచింది.

"అమ్మా, నేను ఈ పిల్ల తల్లిని! ఇక్కడ పాఠాలు లేవు! మానేస్తున్నారు! మీ పిల్లని పంపకండి!"

"అయ్యో! మరి ఆ అమ్మాయి..."

"దాన్ని తప్పు పట్టకండి, కాగితంలో ఉన్నది చదివింది! తూర్పున నది ఒడ్డున సన్యాసుల కాలేజీ ఉందట, అక్కడ అడగండి. అక్కడైనా గట్టిగా నిలదీసి అడగండి! ఎవరినీ నమ్మకండి!"

కోర్ట్నీ ఫోను లాక్కుని పెట్టేసింది. డాక్టర్ కాలహాన్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"మిసెస్ లైకర్, మీరు మీ అమ్మాయి భవిష్యత్తుని..."

"నాకు తెలుసయ్యా," అంది రోజెల్లా. బల్ల పట్టుకుని నిలబడింది. "నేను చిన్నపిల్లల బళ్లో వంట చేసేదాన్ని. వండని రోజున మేం మెనూ బోర్డు తుడిచేస్తాం. మీరు వంట మానేసి బోర్డుకి వెండిరంగు వేయించారు. పైగా నా పిల్లని దాని పక్కన నిలబెట్టి, రండి రండి అని పిలవమంటున్నారు. లేవే టెక్లా."

టెక్లా లేచింది. కుర్చీ దానంతటదే ఒక చుట్టు తిరిగింది.

కారెక్కి తలుపు వేసుకున్నాక రోజెల్లా స్టీరింగు మీద నుదురు ఆనించి మొదలుపెట్టింది.

"చేతికందింది చేజార్చాను. జీతం పోయింది. బీమా పోయింది. పళ్లకి కూడా అన్నాడే! వాళ్లు కేసు పెడతారు. నన్ను బళ్లోంచి తీసేస్తారు. ఆ సన్యాసులు నిన్ను చేర్చుకోరు. చేర్చుకున్నా ఆ నది పొంగి కాలేజీని ముంచేస్తుంది. నువ్వు బస్టాండులో..."

టెక్లా ఏడుస్తోందో నవ్వుతోందో తెలియకుండా ఉంది. ముంజేత్తో ముక్కు తుడుచుకుంది.

"ఇంత భయపడేదానివి మరెందుకమ్మా వద్దన్నావు?"

"భయపడకుండా నేను చేసిన పనేదైనా ఉందటే, నిన్ను కనడంతో సహా?" రోజెల్లా తాళం తిప్పింది. వెనక అద్దంలో ఒకసారి, పక్క అద్దంలో రెండుసార్లు చూసుకుంది. "తూర్పుకి ఎటు తిరగాలో చెప్పు. ముందు బెల్టు పెట్టుకో."